మామయ్య కుక్క, 'బెస్ట్ ఇన్ షో'

క్రిస్టఫర్ గెస్ట్ తీసిన 'బెస్ట్ ఇన్ షో' (2000) ఇదివరకు రెండుసార్లు చూసి, రెండుసార్లూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. మొన్న మూడోసారి చూస్తున్నప్పుడు మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో చెప్పుకోవడానికే ఈ టపా.

చూడనివారి కోసం రెండు ముక్కలు. ఫిలడెల్ఫియాలో జరిగే ఒక కల్పిత శునక ప్రదర్శనకు అమెరికా నలుమూలల నుంచి అయిదు కుక్కలు, వాటి వెంట వాటి మనుషులూ బయలుదేరతారు. ఫ్లోరిడా నుంచి వచ్చిన ఫ్లెక్ దంపతులది వింకీ అనే నార్విచ్ టెరియర్. భర్త గెర్రీకి పుట్టుకతోనే రెండూ ఎడమ పాదాలే. అలంకారం కాదు, అక్షరాలా అంతే. భార్య కుకీకి ఎక్కడికి వెళ్ళినా ఒక పాత ప్రియుడు ఎదురవుతాడు. ఉత్తర కరోలినాలో చేపలు పట్టే సరంజామా అమ్ముకునే హార్లన్ పెప్పర్‌ది హ్యూబర్ట్ అనే బ్లడ్‌హౌండ్. ఈ పాత్ర గెస్ట్‌దే. స్కాట్, స్టెఫాన్ అనే ఇద్దరు మగవాళ్ళ జంటది షిట్జూ. ముసలి ధనవంతుణ్ణి పెళ్ళాడిన షెర్రీ ఆన్‌ది వరసగా రెండేళ్ళు గెలిచిన పూడిల్. ఇక స్వాన్ దంపతులది బియాట్రిస్ అనే వైమరానర్. సినిమా మొదలయ్యేదే ఈ కుక్క మానసిక చికిత్సకుడి గదిలో కూర్చుని ఉండగా!

సంభాషణలు ముందుగా రాసుకున్నవి కావు. గెస్ట్, యూజీన్ లెవీ కలిసి కథకు ఒక కట్టడి వేసుకున్నారు. మాటలన్నీ నటులు అప్పటికప్పుడు పుట్టించుకున్నవే. మనకు అవధానాల వల్ల ఆశుకవిత్వపు రుచి తెలుసు కనుక ఇందులోని కష్టం వేరే చెప్పనక్కరలేదు. ఆశువులో దొర్లే పొల్లు మాటలను కూడా గెస్ట్ తీసిపారేయలేదు, పాత్రలకు ఆభరణాలుగా తొడిగాడు. కారు నడుపుతూ హార్లన్ చిన్నప్పుడు తనకు నోటికి వచ్చిన గింజలూ పప్పుల పేర్లన్నీ ఏకరువు పెడతాడు. కథకు దానితో ఏ పనీ లేదు. అయినా ఆ మనిషి మనకు జీవితాంతం గుర్తుండిపోవడానికి ఆ పప్పుల జాబితా చాలు.

ఈ తరహా చిత్రాలకు 'మాక్యుమెంటరీ' అని పేరు. అంటే డాక్యుమెంటరీ వేషం కట్టి వెక్కిరించేది. గెస్ట్‌కు ఆ మాట నచ్చదు. తాను ఎవరినీ వెక్కిరించడం లేదంటాడు. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు, కుక్కను చూసి మురిసిపోయేవాళ్ళను అంతసేపు చూపించి వెక్కిరించలేదంటాడేమిటి, ఇది బుకాయింపేనని అనుకున్నాను. ఇప్పుడు ఆయన పక్షమే సరైనదని తోస్తోంది. నా ఈ మార్పుకు కారణం సినిమాలో సగమే ఉంది, మిగతా సగం మా మామయ్య దగ్గర ఉంది.

ముందు శునక ప్రదర్శన ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. న్యూయార్కులో వెస్ట్‌మిన్‌స్టర్ ప్రదర్శన 1877లో మొదలయింది. అప్పటినుంచీ ఇది పెద్ద వ్యవహారమే. చాలామంది అనుకునేట్టు అక్కడ కుక్కకూ కుక్కకూ పోటీ కాదు. ప్రతి జాతికీ ఒక ప్రమాణ పత్రం ఉంటుంది. చెవి ఎలా ఉండాలి, తోక ఎటు తిరగాలి, నడకలో వెనక కాలు ఎలా పడాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. న్యాయనిర్ణేత పళ్ళు చూసి, పక్కటెముకలు తడిమి, నడిపించి చూసి, ఎదుటి కుక్క ఆ కాగితం మీది కుక్కకు ఎంత దగ్గరగా ఉందో తూస్తాడు. జాతిలో గెలిచినది వర్గంలోకి, ఏడు వర్గాల్లో గెలిచిన ఏడూ చివరి పోటీలోకి వెళతాయి. అక్కడ టెరియర్‌ను పూడిల్‌తో పోల్చరు. టెరియర్‌ను టెరియర్ లక్షణంతోను, పూడిల్‌ను పూడిల్ లక్షణంతోను పోలుస్తారు.

నాకు ఇది చదవగానే మన లక్షణ గ్రంథాలే గుర్తుకు వచ్చాయి. మహాకావ్యమన్నాక అష్టాదశ వర్ణనలుండాలి, నాయకుడు ధీరోదాత్తుడై ఉండాలి వగైరా. అప్పకవి ఇవాళ బతికి ఉండి న్యూయార్కు వెళితే నల్లకోటు తొడిగి రింగులో నిలబెట్టి ఉండేవారేమో! (పండితులు మన్నించాలి.)

ఇక మామయ్య సంగతి. 1990లలో మధ్యతరగతి తెలుగు ఇళ్ళలో కుక్క అంటే 'పామెరేనియన్'. తెల్లగా, బొచ్చుగా, చుట్టం వస్తే ఇల్లెగిరేలా మొరిగేది. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' తెలుగులో 'ప్రేమాలయం'గా వచ్చాక, అందులోని టఫీ పుణ్యమా అని దాని మోజు మరీ పెరిగింది. మామయ్య కుక్క పేరు మంచు. అత్తయ్య దానికి రెండు పూటలా పెరుగన్నం కలిపేది. మామయ్య సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చొక్కా విప్పకుండానే దువ్వెన పట్టుకుని కూర్చునేవాడు. "ఒరేయ్, దీని తోక చూడు, వీపు మీదికి ఎలా విసనకర్రలా పరుచుకుందో" అని నాకు చూపించేవాడు. పుస్తకాల అంగట్లో ఏదో పాత ఇంగ్లీషు పుస్తకం కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని పామెరేనియన్ గురించి ఉన్న రెండు పేజీలూ తెలుగులో నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఆ తర్వాత ఒక ఏడాది పక్క నగరంలో శునక ప్రదర్శన జరుగుతుందని తెలిసి, మంచును బుట్టలో పెట్టుకుని బస్సులో తీసుకువెళ్ళాడు. తోడుగా నన్ను తీసుకెళ్ళాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా వంతు వచ్చింది. న్యాయనిర్ణేత పెద్దమనిషి మర్యాదస్తుడే. మంచును రెండు చేతులా ఎత్తి చూసి, కింద దించి, ఇది పామెరేనియన్ కాదండీ, ఇండియన్ స్పిట్జ్ అన్నాడు. ప్రమాణం ప్రకారం పామెరేనియన్ సుమారు మూడు కిలోల లోపే ఉండాలి. మంచు తొమ్మిది కిలోలు తూగేది. అంతే, రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా నేను క్రికెట్ వ్యాఖ్యానంలా వినిపించాను. మామయ్య బుట్ట మోసిన తీరు, మంచును తూకానికి ఎత్తిన తీరు, మామయ్య ముఖం. అత్తయ్యతో సహా అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు. నోటుపుస్తకం ఆ తర్వాత నాకు ఎప్పుడూ కనిపించలేదు.

సినిమాలో బక్ లాఫ్లిన్ అనే వ్యాఖ్యాత ఉంటాడు. ఫ్రెడ్ విలర్డ్ (2020లో పోయారు) ఆ పాత్రను నభూతోగా చేశారు. వెస్ట్‌మిన్‌స్టర్ ప్రసారాలకు మాజీ బేస్‌బాల్ ఆటగాడు జో గరజియోలాను వ్యాఖ్యాతగా పెట్టిన రోజుల నుంచి పుట్టిన పాత్ర అది. బక్‌కు కుక్కల గురించి ఏమీ తెలియదు, తెలియదన్న బెంగా లేదు. పక్కనున్న నిపుణుణ్ణి నేనెంత బరువెత్తగలనో చెప్పుకోమంటాడు. బ్లడ్‌హౌండ్‌కు షెర్లాక్ హోమ్స్ టోపీ, పైపూ పెడితే బాగుంటుందంటాడు. ప్రేక్షకులు అందరికంటే ఎక్కువ నవ్వేది ఇతనికే. నేనూ నవ్వాను. మూడోసారి ఆగిపోయింది ఇక్కడే. రింగులో ఒక మనిషి తన సర్వస్వాన్నీ తాడు చివర పట్టుకుని పరిగెత్తుతుంటే పైన అద్దాల గదిలో కూర్చుని జోకులేస్తున్నవాడి గొంతు నాకు పరిచయమున్న గొంతులా వినిపించింది.

మనం బక్‌తో కలిసి నవ్వుతున్నామనుకుంటాం. నిజానికి గెస్ట్ మనను నవ్విస్తున్నది బక్‌ను చూసి. కెమెరా ఎప్పుడూ బక్ పక్షం వహించదు. అది కింద రింగులో ఉంటుంది, కుక్కల ఎత్తులో, వాటి మనుషుల మోకాళ్ళ దగ్గర. హార్లన్ తన కుక్కతో మాట్లాడేటప్పుడు ఆ మాటల్లో వెటకారం వీసమెత్తు ఉండదు. స్కాట్, స్టెఫాన్‌ల కథ చూడండి. 2000 నాటి హాలీవుడ్‌లో స్వలింగ జంట అంటే సులువైన హాస్యపు సరుకు. ఇక్కడ హాస్యమంతా రెండు రోజుల ప్రయాణానికి స్కాట్ సర్దుకున్న కిమోనోల మీద నడుస్తుంది కాని వాళ్ళ ప్రేమ మీద కాదు. నన్నడిగితే ఆ సినిమాలోకెల్లా హాయిగా కాపురం చేసేది వాళ్ళిద్దరే.

మనకు జంధ్యాల గారున్నారు కదా, విచిత్ర వ్యక్తులకు కొదవేమిటి అనవచ్చు. ఆయనంటే నాకూ ప్రాణమే. కాని ఒక తేడా ఉంది. 'చంటబ్బాయ్' (1986)లో శ్రీలక్ష్మి కవితలు రాసి పత్రికా సంపాదకుణ్ణి హింసిస్తుంది. మన నవ్వు పుట్టేది ఆ సంపాదకుడి బాధలోంచి. అంటే ఆ పిచ్చిని మనం బయటనుంచి, దాని బాధితుడి కళ్ళతో చూస్తాం. ఆ కవితలు రాసుకున్న రాత్రి ఆమె ఎంత సంతోషించి ఉంటుందో మనకు తెలియదు, తెలుసుకోవాలనిపించదు. గెస్ట్ సినిమాలో చాలామంది పిచ్చికి బాధితులు లేరు. చూపు లోపలినుంచి ఉంటుంది. ఇది జంధ్యాల గారి మీద ఫిర్యాదు కాదు. రాత్రిపూట నిద్ర మానుకుని ఎవరూ అడగని టపాలు రాసుకునే మనబోటివాళ్ళం ఏ కళ్ళతో చూడబడాలనుకుంటామో అని ఒక చిన్న ఆలోచన, అంతే.

ఒక్క స్వాన్ దంపతుల విషయంలోనే గెస్ట్ దయ చూపడు. ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్న రెండు స్టార్‌బక్స్‌లలో కూర్చుని ఒకరినొకరు చూసుకున్న జంట అది. కుక్క ఆడుకునే తేనెటీగ బొమ్మ పోయిందని ఆ భార్య హోటలువాళ్ళ మీద, దుకాణం యజమాని మీద విరుచుకుపడుతుంది. పార్కర్ పోసీ నటన చూస్తుంటే భయం వేస్తుంది. చివరికి రింగులో బియాట్రిస్ న్యాయనిర్ణేత మీదికే ఎగబడి వెళ్ళిపోవలసి వస్తుంది. వాళ్ళకు ఆ శాస్తి ఎందుకో నాకు ఇప్పుడు బోధపడింది. మిగతావాళ్ళు కుక్క కోసం తాము నవ్వులపాలవుతారు. వీళ్ళు తమ భయాన్ని కుక్క చేత మోయిస్తారు.

గెలిచేది వింకీ. కుకీకి మోకాలు దెబ్బతిని, రెండు ఎడమ పాదాల గెర్రీయే దాన్ని నడిపించవలసి వస్తుంది. నడకను తూచే పోటీలో నడవలేనివాడు గెలుస్తాడు. లక్షణ గ్రంథం కుక్కకే కాని మనిషికి లేదు కదా! ఇంకో తమాషా. ఈ సినిమా చూసి ముచ్చటపడిన ఎన్‌బీసీవారు 2002 నుంచి థాంక్స్‌గివింగ్ రోజున ఫిలడెల్ఫియా ప్రదర్శనను నిజంగానే ప్రసారం చేయడం మొదలుపెట్టారు. వెక్కిరింత అయితే ఆ పని చేయించగలిగేదా?

పామెరేనియన్ చరిత్ర కూడా ఈ మధ్యనే చదివాను. ఒకప్పుడు అవి పెద్ద కుక్కలేనట. విక్టోరియా రాణి 1888లో ఫ్లోరెన్స్ వెళ్ళినప్పుడు ఒక చిన్నదాన్ని చూసి ముచ్చటపడి తెచ్చుకుంది. రాణిగారు పెంచుతున్నారు కనుక చిన్నవే అందరికీ ముద్దయ్యాయి. కాలక్రమాన ఆ చిన్నతనమే ప్రమాణమై కూర్చుంది. మామయ్య కుక్కను రెండు నిమిషాల్లో బయటికి పంపిన ఆ మూడు కిలోల లెక్క వెనక ఉన్నది కూడా ఒక యజమానురాలి పిచ్చి ముచ్చటేనన్నమాట.

ఈ సంగతి చెబుదామనే మొన్న మామయ్యను ఇంటికి పిలిచి ఈ సినిమా పెట్టాను. ఆయనకు డెబ్భై దాటాయి, ఇంగ్లీషు సంభాషణలు అందవు. నేను అక్కడక్కడా తెలుగులో చెబుతూ ఉంటే నవ్వకుండా, కదలకుండా చివరిదాకా చూశాడు. వింకీ గెలిచినప్పుడు మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు.

"ఒరేయ్, ఆ కుంటాయన మెడతాడు బిగించకుండా వదులుగా పట్టుకున్నాడు చూశావా?" అన్నాడు. "నేనారోజు బిగించి పట్టుకున్నాను. జనాన్ని చూసి అది బెదురుతుందేమోనని."