కొత్త భాషకు చోటెక్కడ?

"మా పిల్లలకు ఏ విదేశీభాష నేర్పిస్తే మేలు?" అని పొరుగు రాష్ట్రాలలోని తెలుగు కుటుంబాలవారు నన్ను తరచుగా అడుగుతున్నారు. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపురం, యానాం - ఊరేదైనా ఈ ప్రశ్న వెనుక ఉన్నది బ్రతుకుతెరువు చింత. కనుక సూటిగానే సమాధానం చెప్పాలి.

నర్సింగు చదివేవారికి జర్మన్ మేలు. నిపుణులైన భారతీయులకిచ్చే వీసాలను ఏటా 20,000 నుండి 90,000కు పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది. అయితే అక్కడ నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బి2 స్థాయి అవసరం. ఆరు మెట్లలో అది నాలుగవది. రెండు మెట్లెక్కి ఆగిపోతే ప్రయోజనం లేదు. సాంకేతిక విద్య చదివినవారికి జపనీస్ తగినది. నిపుణ కార్మికుల విషయమై జపాన్‌తో మన దేశానికి 2021లో ఒప్పందం కుదిరింది. ఆ భాషలోనూ మన తెలుగులో వలెనే క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు మాట వెనుక చేరుతాయి. తెలుగు చక్కగా వచ్చిన బిడ్డకు ఆ పోలిక అక్కరకు వస్తుంది. ఇక యానాం వారికి ఫ్రెంచి కొత్తదేమీ కాదు. 1954 వరకు అది అక్కడి పాలనాభాష. సెనెగల్, ఐవరీ కోస్ట్ వంటి దేశాలలో నేటికీ అదే అధికారభాష.

ఏ భాష అన్నదానికన్న ఎక్కడ అన్నది పెద్ద ప్రశ్న. తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, మహారాష్ట్ర 2020లో తమ రాష్ట్రభాషను బడులలో తప్పనిసరి చేస్తూ చట్టాలు తెచ్చాయి. ఉన్న ఊరి భాష నేర్వడం మన ధర్మమే. ఇంగ్లీషు ఎలాగూ ఉన్నది. మిగిలిన ఒక్క గడిలో మార్కుల ఆశతో విదేశీభాష పేరు వ్రాస్తే, వెళ్లిపోయేది తెలుగే. చేరే పిల్లలు తగ్గితే తెలుగు పంతులు కొలువు పోతుంది. ఆ కొలువు పోతే మరుసటి ఏడు కోరుకున్న బిడ్డకూ తెలుగు దొరకదు.

2020 జాతీయ విద్యావిధానం సైతం విదేశీభాషలను భారతీయ భాషలకు అదనంగానే, అదీ ఉన్నత పాఠశాల స్థాయిలోనే, అందించాలన్నది. పట్టుదల ఉంటే జర్మన్, జపనీస్ ఇరవై ఏళ్ల వయసులోనూ పట్టుబడతాయి. బడిలో జారవిడిచిన తెలుగును ఆ వయసులో నేర్పడానికి సరిహద్దు జిల్లాలలో ఏ శిక్షణాలయం ఉన్నది?

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. విదేశీభాషను సాయంకాలం నేర్పించండి, ఇంటర్ తరువాత నేర్పించండి, ఎంచుకున్నదానిని చివరిదాకా నేర్పించండి. బడి దరఖాస్తులో మాత్రం తెలుగు అనే వ్రాయండి.