రాక్‌ఫ్లీటు బురుజు

ఐర్లండు దేశపు పశ్చిమతీరమున, మేయో మండలములో క్లూ అను అఖాతము కలదు. చిన్న దీవులు లెక్కకు మిక్కిలిగా దానియందు చెదరియున్నవి. ఆ అఖాతపు ఉత్తరపుటొడ్డున, న్యూపోర్టు అను ఊరికి సమీపమున, సముద్రపుపాయ యొకటి నేలలోనికి చొచ్చుకొని వచ్చినచోట, రాతిగట్టుపై నొక బురుజు నిలిచియున్నది. నాలుగంతస్తుల కట్టడము, ఎత్తు సుమారు 60 అడుగులు. అలంకారమనునది మచ్చునకైనను లేదు. పోటువేళ నీరు గోడల పాదములను తాకును. ఆటువేళ నాచును బురదయు మిగులును. దీనిని రాక్‌ఫ్లీటు అనియు, కారిగహౌలీ అనియు పిలుతురు. మహారాజుల కోటలను చూచి అలవాటుపడిన కన్నులకు ఇది ధాన్యపుకొట్టు వలె తోచినను తోచవచ్చును. కాని 16వ శతాబ్దమున ఈ బురుజునుండి యొక స్త్రీ ఓడలను నడపెను, సేనలను ఏలెను, ఇంగ్లండు రాణితో ముఖాముఖి వ్యవహరించెను.

ఆమెను గ్రేసు ఓమాలీ యని ఆంగ్లేయులు వ్రాసిరి. స్వదేశీయులకు ఆమె గ్రాన్యా. సుమారు 1530లో జన్మించెను. తండ్రి ఓయెన్ దూదారా ఓమాలీ, ఉమాల్ అను సీమకు నాయకుడు. భూమియందును సముద్రమునందును బలవంతులమను అర్థముగల లాటిను వాక్యము ఆ వంశమువారి బిరుదు. చేపలుపట్టుట, స్పెయిను, స్కాట్లండులతో వర్తకము, కూలిసేనలను ఓడలలో తరలించుట వారి వృత్తి. పసితనమున తండ్రితో ఓడ నెక్కుటకై ఆమె జుట్టు కత్తిరించుకొనెననియు, అందుచేతనే ‘బోడి గ్రాన్యా’ యను పేరు కలిగెననియు జనులు చెప్పుకొందురు. కథ నిజమో కాదో కాని పేరు మాత్రము నిలిచినది.

ఆంగ్లప్రభుత్వపు అధికారులు తమ లేఖలలో ఆమెను దొంగ యనియు, దోపిళ్లకు నాయకురాలనియు నిందించిరి. గాల్వే రేవునకు పోవు ఓడల నాపి సుంకము గొనుట, ఈయనివారి సరకును తీసికొనుట ఆమె చేసిన పనులే. వానిని కాదనుట మా యుద్దేశము కాదు. కాని నాటి గాల్వే పట్టణము కొలదిమంది వర్తక కుటుంబముల చేతిలోని సొత్తు. ఓ యనియు మాక్ అనియు పేర్లకు ముందుంచుకొను దేశీయవంశములవారు ఆ పురవీథులలో తిరుగాడుటయే వారికి సమ్మతము కాదు. రేవు మూసినవాడు వర్తకుడు, రేవు బయట సుంకమెత్తినది దొంగ! స్పెయిను దేశపు ధనపుటోడలను కొల్లగొట్టి వచ్చిన డ్రేకునకు ఎలిజబెతు రాణి 1581లో అతని ఓడ మీదనే ‘సర్’ బిరుదము నిప్పించెను. దొంగయను పదము ఎవరి కలమునుండి వెడలినదో చూచుకొని పిమ్మట దానిని వాడుట న్యాయమని మేము తలంతుము.

ఆమె మొదటి భర్త ఓఫ్లహర్టీ వంశీయుడగు డోనల్. అతడు పోరులో హతుడయ్యెను. పిమ్మట ఆమె క్లూ అఖాతపు ముఖద్వారమున నున్న క్లేరు దీవికి మరలి, తన నౌకాబలమును అచ్చట నెలకొల్పుకొనెను. రమారమి 1566లో రాక్‌ఫ్లీటు బురుజు యజమానుడగు ఇనుప రిచర్డు బర్కును పెండ్లాడెను. ఒక సంవత్సరమునకే ఒడంబడిక చేసికొనిరనియు, సంవత్సరము నిండగనే ఆమె తలుపులు వేయించి, బయటనుండి వచ్చుచున్న భర్తకు గోడమీదనుండి విడాకులు చెప్పెననియు, కోట తన వశముననే యుంచుకొనెననియు నొక కథ కలదు. ఆ దేశపు ప్రాచీనన్యాయము దంపతుల ఎడబాటునకు సమ్మతించునదే. అయినను రిచర్డు మరణించిన 1583వరకు వారిరువురును కలిసియే వ్యవహరించినట్లు ప్రభుత్వపత్రములవలన తెలియుచున్నది. ఓడ కట్టుత్రాడును కోటగోడలోని రంధ్రముగుండ లోనికి తెచ్చి తన మంచమునకు కట్టుకొని నిద్రించెడిదని చెప్పు కథయు ఇట్టిదే. కథలను మేము తృణీకరింపము. సాక్ష్యముల సరసన మాత్రము కూర్చుండబెట్టజాలము.

సాక్ష్యములకేమి కొదువ? 1574 మార్చిలో కాప్టెను విలియము మార్టిను గాల్వేనుండి సేనతో వచ్చి ఈ బురుజును ముట్టడించెను. ఆమె ముట్టడిని భగ్నము చేయగా వచ్చినదారినే మరలెను. కొలదికాలమునకు రాజప్రతినిధి సర్ హెన్రీ సిడ్నీ గాల్వేకు రాగా, ఆమె తానే పోయి దర్శించి, మూడు ఓడలను, 200 మంది యోధులను ఆయన సేవకు ఇత్తునని పలికెను. ఆమె భర్తను వెంటబెట్టుకొని వచ్చెననియు, నేలమీదను నీటిమీదను ఆ దంపతులలో పైచేయి ఆమెదేననియు సిడ్నీ తరువాత వ్రాసికొనెను. అంతలో, 1577లోనే, డెస్మండు ప్రభువు సీమపై దాడికిపోయి ఆమె పట్టువడి, లిమరిక్కులోను డబ్లినులోను చెరయందుండి 1579లో విడుదల పొందెను. సేవ చేయుదునన్నవారిని చెరనుంచుట సామ్రాజ్యములకు క్రొత్త కాదు.

ఆమె నిజమైన విరోధి 1584లో కొనాటు ప్రాంతమునకు గవర్నరుగా వచ్చిన సర్ రిచర్డు బింగ్‌హాము. మరుసటి యేట కొనాటు ఒడంబడిక యను భూమిశిస్తు ఏర్పాటు జరిగెను. 120 ఎకరముల క్వార్టరు ఒక్కింటికి సాలునకు 10 షిల్లింగులు సర్కారునకు చెల్లవలయును. నాయకులకు ఆచారముగా వచ్చు రాబడులు రద్దగును. వంశజులు కూడి నాయకుని ఎన్నుకొను పద్ధతియు పోవును. పేష్కషు లెక్కల నెరిగిన మన భూస్వాములకు దీని భావము వివరింప పనిలేదు. మొదట పన్ను, పిదప పట్టా, ఆ పిదప నాయకుడెవడో సర్కారే నిర్ణయించుట. దీనిని ప్రతిఘటించినవారిపై బింగ్‌హాము ఉరికొయ్యలు నాటెను. గ్రాన్యా పెద్దకొడుకు ఓయెన్ 1586లో బింగ్‌హాము తమ్ముని చెరలో నుండగా చంపబడెను. ఆమెను త్రాటితో కట్టి తెచ్చి, ఆమెకొరకు ఉరికంబము సిద్ధము చేసిరి. అల్లుడు పూటపడగా ప్రాణము దక్కెను. రెండవ కొడుకు మరొ బింగ్‌హాము పక్షమున చేరగా, తల్లి ఓడలతో పోయి అతని ఊరిని శిక్షించెను. చిన్నకొడుకు టిబ్బట్టు రాజద్రోహనేరముపై బంధింపబడెను.

అపుడామె చేసిన పనియే ఆమెను చిరస్మరణీయను చేసినది. అరువదియేండ్లు దాటిన వయస్సున, 1593లో, గవర్నరును దాటి రాణికే విన్నపమంపెను. మంత్రి బర్లీ ప్రభువు 18 ప్రశ్నలు పంపగా వాని కన్నిటికిని ప్రత్యుత్తరములిచ్చెను. ఆ పత్రములు లండను ప్రభుత్వ భాండారమున నేటికిని భద్రముగా నున్నవి.

అందొక ప్రశ్న వితంతువుల హక్కును గూర్చినది. ఇంగ్లండున భార్యకు భర్త భూమిలో మూడవవంతు చెల్లుచుండెను. ఐర్లండు నాయకుల భార్యలకేమి చెల్లునని మంత్రి అడిగెను. ఏమియు చెల్లదని ఆమె ప్రత్యుత్తరము. తాను తెచ్చిన కట్నము మరల వచ్చుటకు పూటలుండును గాని, భర్తలు అప్పులతో చనిపోవుటచే అదియు తరచుగా దక్కదని విన్నవించెను. తన దేశాచారములోని లోపమును పరప్రభుత్వమునకు ఇట్లు చెప్పుట కొందరికి కష్టముగా తోచవచ్చును. మాకట్లు తోచదు. ఇద్దరు భర్తలను పోగొట్టుకొని, రెండవవాడు గతించినపుడు తన పరివారముతోను 1000 ఆవులు, గుఱ్ఱములతోను ఈ బురుజు చేరి బ్రతుకు సాగించిన స్త్రీ, ఉన్నమాట చెప్పినది. ఆచారమును నిందించుటకును విదేశీయుని శరణుజొచ్చుటకును భేదమున్నదని ఆమె ఎరుంగును. తన బ్రతుకుతెరువును నేలమీదను నీటిమీదను పోషణము గడించుటగా ఆమె వర్ణించికొనెను. దోపిడి యనలేదు.

1593 సెప్టెంబరులో గ్రీనిచి రాజమందిరమున ఇరువురును కలిసిరి. రాణికి నాటికి 60 ఏండ్లు. గ్రాన్యాకు రెండు మూడేండ్లు ఎక్కువ. లాటినులో మాటలాడిరనియు, రాణి యిచ్చిన చేతిగుడ్డను ఆమె ముక్కుతుడిచి అగ్నిలో వైచెననియు కథలు వెలసినవి. ఆ గదిలో ఏమి జరిగినదో చెప్పు వ్రాత లేదు. ఫలితము మాత్రము వ్రాతయందే యున్నది. టిబ్బట్టును, గ్రాన్యా సోదరుని విడిచిపెట్టవలసినదనియు, ఈ వృద్ధురాలి పోషణమునకు కొడుకుల శిస్తునుండి ఏటేట కొంత తగ్గించి ఈయవలసినదనియు రాణి బింగ్‌హామునకు ఉత్తరువు చేసెను. ప్రతిగా, రాణీగారి శత్రువులతో ఎల్లలోకమునందును పోరుదునని గ్రాన్యా మాటయిచ్చెను. బింగ్‌హాము బంధితులను వదలెను. కాని ఆమె ఓడలపైనను ఊళ్లపైనను సైనికులను నిలిపి ఉత్తరువులోని ప్రాణము తీసెను. 1595లో ఆమె మరల విన్నపము చేసికొనవలసివచ్చెను. పైవారి దయ క్రిందివారి చేతికి వచ్చుసరికి ఏమగునో మన పాఠకులు ఎరుగనిది కాదు.

ఈమెను స్వాతంత్ర్యవీరురాలనవచ్చునా? టిబ్బట్టు 1601లో కిన్సేలు యుద్ధమున ఆంగ్లేయుల పక్షమున నిలిచి, 1627లో మేయో వైకౌంటు బిరుదమందెను. గ్రాన్యాయు అవసరమునుబట్టి ఆంగ్లేయులతో కలిసెను, విడిపోయెను. ఐర్లండు అంతయు నొకే జాతియను భావము ఆ నాయకులలో పెక్కుమందికి నాడు లేదు. వారి దేశము వారి అఖాతము. మన వీరులను పూజాగృహమున నుంచుటకై చరిత్రను కడిగి తుడుచుట మాకు రుచింపదు. ఆమె కాపాడుకొనదలచినది తన ఓడలను, తన జనమును, తన బిడ్డలను. అందుకొరకు ముట్టడికి ఎదురు నిలిచెను. అందుకొరకే రాణిముందు నిలిచెను.

మాకు ఎక్కువగా బాధ కలిగించు విషయము వేరొకటి. 1632 మొదలు 1636 వరకు డొనెగాలునందు ఫ్రాన్సిస్కను సన్యాసి మైకేలు ఓక్లేరీయు అతని సహచరులును ఐర్లండు చరిత్రను సంవత్సరవారీగా కూర్చిరి. నలుగురాచార్యుల వృత్తాంతమని దానికి ప్రసిద్ధి. సామాన్యనాయకుల చావులును పోరులును అందు నిండియున్నవి. గ్రాన్యా పేరు లేదు. ఆమె గతించి నాటికి ముప్పదియేండ్లే. మరచిరనుట నమ్మశక్యము కాదు. స్త్రీ ఓడల నేలుట వారి పద్దులో ఎక్కదగినది కాకపోయెను. శత్రువుల దస్త్రములు కోపముతోనైనను ఆమెను కాపాడినవి. స్వజనుల గ్రంథము భక్తితో ఆమెను వదలినది. పాటకు మాత్రము ఈ పట్టింపు లేదు. పండితులు విడిచిన పేరును పల్లెటూళ్లు పాడుకొనగా, తరువాతి శతాబ్దములలో అది ఐర్లండు దేశమునకే సంకేతనామమయ్యెను. 1916లో తుపాకులకు బలియైన పాట్రిక్ పియర్సు నొక పాతపాటను తిరుగవ్రాసి, అందు ఆమెను సముద్రముమీదుగా సేనతో వచ్చునట్లు పిలిచెను. ఆ సంవత్సరముననే చెన్నపట్టణమున అనిబిసెంటమ్మ, ఐర్లండునుండి వచ్చిన హోంరూలు అను పదమునే గ్రహించి లీగు నెలకొల్పెను. 1979లో ఆన్ ఛేంబర్సు అను రచయిత్రి దస్త్రములను శోధించి ఆమె జీవితచరిత్రమును ప్రకటించెను. వృత్తాంతకారులు వదలిన పుట ఇట్లు సుమారు మూడున్నర శతాబ్దములకు పూడినది.

గ్రాన్యా సుమారు 1603లో, ఎలిజబెతు గతించిన యేటనే, గతించెననియు, రాక్‌ఫ్లీటునందే తుదిశ్వాస విడిచెననియు పలువురి అభిప్రాయము. క్లేరు దీవిలోని మఠమున ఆమె సమాధి యున్నదని అచ్చటివారు చూపుదురు. ఆ దీవిలోని ఆమె కోటను 19వ శతాబ్దమున బ్రిటిషు తీరరక్షకులు తమ ఠాణాగా మార్చుకొనిరి; దొంగసరకు పట్టుటకట! రాక్‌ఫ్లీటు బురుజు 1950 తరువాత బాగుచేయబడి, స్వతంత్ర ఐర్లండు ప్రభుత్వపు సంరక్షణలో నున్నది.