అద్దె ఇంట్లో చావకూడదు

మా మేనల్లుడు నిజాంపేటలో అరవై లక్షలు పెట్టి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాడు. అద్దెకిస్తాడట. లెక్క చూడమంటే చూశాను. నెలకు 20,000 వచ్చినా ఏడాదికి 2,40,000, అంటే 4 శాతం. మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, ఇల్లు ఖాళీగా ఉండే నెలా తీసేస్తే 3 శాతం చేతికొస్తే గొప్ప. బ్యాంకు అప్పు మీద వడ్డీ అంతకు రెట్టింపు పైమాటే. "లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించావా? చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) లోపల లేదు కదా?" అని అడిగాను. అవన్నీ ఊఁ కొట్టేసి అసలు బెంగ బయటపెట్టాడు. బ్రోకరు చెప్పాడట: "ముసలాళ్లున్న ఫ్యామిలీకి ఇవ్వకండి సార్. ఏమన్నా అయితే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి."

అర శాతం వడ్డీ తేడా కోసం బ్యాంకుల చుట్టూ తిరిగిన కుర్రాడు, ఆరు నెలల అద్దె 1,20,000 రూపాయలను చంద్రుడి పేరు చెప్పి వదులుకోవడానికి మాత్రం సిద్ధం! అన్నట్టు, చాలాచోట్ల ఆ డబ్బు వదులుకునేది ఇంటాయన కాదు. శవాన్ని సాగనంపి వచ్చిన వాళ్ల దగ్గరే వసూలు చేస్తారు.

చావు జరిగిన ఇంటిని ఇలా పాడుపెట్టించే దోషాన్ని ధనిష్ఠా పంచకం అంటారు. ధనిష్ఠ రెండో సగం మొదలు రేవతి చివరిదాకా చంద్రుడున్నప్పుడు ఎవరైనా పోతే ఇంటికి దోషమట. 27 నక్షత్రాల్లో నాలుగున్నర, సరిగ్గా ఆరో వంతు. అంటే ప్రతి ఆరు చావుల్లో ఒకటి ఇంటికి తాళం వేయించాలి. చాలదన్నట్టు పంచాంగాలవాళ్లు రోహిణి, కృత్తిక, పునర్వసు, విశాఖలను కూడా చేర్చారు. ఈ పిచ్చి ఎక్కడ పుట్టిందో తవ్వే ఓపిక నాకు లేదు. భయానికి దక్షిణ తోడైతే ఏదైనా పుడుతుంది. ఉస్మానియా ఆసుపత్రిలో ఒకరు పోయిన మంచం మీదే మరొకరు కోలుకుని ఇంటికి వెళతారు. ఆ వార్డులకు ఎవరూ తాళం వెయ్యరేం?

నా చిన్నప్పుడు గుంటూరులో ఒకే లోగిట్లో నాలుగు వాటాలు. పక్క వాటాలో ఒక గుమాస్తా, ఆయన తల్లి. ఆవిడకు ఆయాసం ముదిరిన రోజున ఇంటాయన గుమ్మం దాకా వచ్చి, ఎంతో మర్యాదగా, "ఏదన్నా అయ్యేలోపు సొంతూరు తీసుకెళ్తే బాగుంటుందేమో చూడండి" అన్నాడు. చీకటిపడ్డాక రిక్షా మాట్లాడుకొచ్చారు. ఆవిడ మంచినీళ్లడిగింది. రిక్షా వీధి మలుపు తిరగకముందే ప్రాణం పోయింది. వెనక్కి తెస్తే లోపలికి రానివ్వలేదు. తెల్లారేదాకా వీధిలో, చాప మీద. మా అమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతూనే ఉంది. ఇంటాయన భార్య మాత్రం గుమ్మంలో పసుపు నీళ్లు చల్లుకుంటోంది. ఆ తర్వాత శాంతి ఖర్చంటూ అడ్వాన్సులో కోసుకున్నారు. గడపలోకే రాని శవానికి శాంతి ఏమిటని ఎవరూ అడగలేదు.

పాత రోజులు లెండి, అనకండి. 2017లో కూకట్‌పల్లిలో డెంగ్యూతో పోయిన పిల్లాడిని ఇంటి యజమాని లోపలికి రానివ్వకపోతే, ఆ తల్లి వానలో రోడ్డు మీదే శవంతో ఉండిపోయింది. నెలనెలా అద్దె కట్టిన ఇల్లు, ఏడవడానికి మాత్రం వాళ్లది కాకుండా పోయింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఇంకాస్త నాగరికంగా ఫ్రీజర్ బాక్సును సెల్లార్లో, కార్ల మధ్య పెట్టిస్తున్నారు.

"నాకు నమ్మకం లేదు మామయ్యా. కానీ చావు జరిగిందని తెలిస్తే ఇంకెవరూ అద్దెకు రారు కదా" అన్నాడు మా వాడు. అందరి జవాబూ అదే. ఎవరికీ నమ్మకం ఉండదు, అందరూ పక్కవాడి నమ్మకానికి భయపడుతుంటారు.

"మీ నాన్న ఎక్కడ పోయాడ్రా?" అని అడిగాను.

"మనింట్లోనే కదా. నువ్వూ ఉన్నావుగా."

"ఎన్నాళ్లు పాడుపెట్టారు?"

"ఉన్నదొకటే ఇల్లు, ఎక్కడికి పోతాం? అసలు అమ్మ పంచాంగం తియ్యనివ్వలేదు."