సీలు తియ్యని పెట్టె ఎవరి బాల్యం?



పోయిన వారం మన గ్రూపులో ఒక ఫొటో తిరిగింది, చూసే ఉంటారు. ఎర్ర రేకు, మీగడ రంగు రేకు కలిపి బోల్టులతో బిగించిన పాత కారు బొమ్మ. పక్కనే దాని పెట్టె, పెట్టెలో అట్టకు దారంతో కట్టిన విడిభాగాలు, ఒక్కటీ విప్పలేదు. ఇది గుర్తున్నవాళ్లదే అసలైన బాల్యం అన్నట్టు కింద ఎవరో రాశారు. దానికి మనవాళ్లే గుండె గుర్తులు పెట్టారు. ఒక్క మాట అడుగుతాం, కోపగించుకోకండి. మనలో ఎవరికి గుర్తుంది అది? ఎవరింట్లో ఉంది?

ఫొటోతోనే అయిపోతే మేం ఇంత రాసేవాళ్లం కాదు. ఆగస్టు 9కి మనం పోగుచేస్తున్న చందాతో అలాంటి మంచి సెట్టు ఒకటి కొని, హాస్టల్ లైబ్రరీలో అద్దాల బీరువాలో పెడదామని, పిల్లలు చూసి స్ఫూర్తి పొందుతారని ఒక అన్న ప్రతిపాదించాడు. చాలామంది సరే అన్నారు. అన్న మీద గౌరవంతోనే చెప్తున్నాం, మేం ఒప్పుకోం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ బొమ్మ సంగతి తెలియాలి. తెలియకుండా తిట్టడం మాకిష్టం లేదు.

అది మెకానో వాళ్ల మోటార్ కార్ కన్‌స్ట్రక్టర్. 1930ల మొదట్లో ఇంగ్లండులో లివర్‌పూల్‌లో తయారైంది. కారు ముక్కలు ముక్కలుగా వస్తుంది, పిల్లాడే బిగించుకోవాలి. పైరేకులు మార్చి రేసు కారు చేయొచ్చు, టూరింగు కారు చేయొచ్చు. తాళంచెవితో స్ప్రింగు చుడితే పరిగెత్తుతుంది. యుద్ధం వచ్చి దాని తయారీ ఆగిపోయింది. అందుకే ఇప్పుడు అంత గిరాకీ. ఆ కంపెనీ పెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ ఇంజనీరు కాదు, మాంసం దిగుమతి చేసే వ్యాపారి దగ్గర గుమాస్తా. తన కొడుకుల కోసం రేకు పట్టీలు కత్తిరించి, అరంగుళానికో బెజ్జం చొప్పున వేసి, నట్టూ బోల్టూతో బిగించి క్రేన్ చేశాడు. అదే పట్టీలు విప్పి ఇంకో బొమ్మ చేయొచ్చన్నదే అతని కొత్త ఆలోచన. 1901లో పేటెంటు తీసుకున్నాడు. మొదట పెట్టిన పేరుకు అర్థమే మెకానిక్స్ సులువుగా నేర్చుకోవడం అని. 1907లో మెకానో అయింది. 1914 నుంచి బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీ, 1979లో దానికి తాళం. మన దేశంలో మెకానిక్స్ పేరుతో అమ్మే నట్లూ బోల్టుల సెట్లు కూడా ఆ పద్ధతివే.

అంటే పుట్టుకలోనే అది విప్పడానికి పుట్టింది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు సేకరణదారుల లెక్క చూడండి. రంగు చెక్కు చెదరకూడదు. బోల్టు తిప్పిన గీత పడకూడదు. పట్టీలు ఫ్యాక్టరీలో అట్టకు కట్టిన దారం అలాగే ఉంటే ఇంకా ఎక్కువ ధర. అంటే ఏ పిల్లాడూ ముట్టనిదే అన్నిటికన్నా గొప్ప బొమ్మ! ఆ పెట్టె ముందు నిలబడి బాల్యం, బాల్యం అని కళ్లు తుడుచుకుంటారు. ఏ బాల్యమయ్యా? ఆ పెట్టెకు బాల్యమే లేదు కదా. ఏ పిల్లాడో పుట్టినరోజుకు తెచ్చుకుని, ఆత్రంగా దారం తెంపి, సాయంత్రానికి రెండు నట్లు మంచం కింద పోగొట్టుకున్న సెట్టుకు ఉంటుంది బాల్యం. దానికి వాళ్ల దగ్గర ధర లేదు.

ఇంకో తమాషా. అదే కంపెనీ 1934 నుంచి డింకీ పేరుతో అచ్చుపోసిన చిన్న కార్లు అమ్మింది. యుద్ధానికి ముందు పోసిన వాటిలో చాలావాటికి జింకు మిశ్రమంలో మలినాలు కలిసి, ఎవరూ ముట్టకపోయినా బీరువాలో పెట్టినవి పెట్టినట్టే పగుళ్లిచ్చి పొడి అవుతున్నాయి. ఎంత భద్రంగా దాచినా సరే.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పాతవాటిని ఇష్టపడేవాళ్లంతా ఒకటి కాదు. ఇంగ్లండులో స్కెగ్‌నెస్ అనే సముద్రపు ఊళ్లో ఏటా మెకానో ప్రదర్శన జరుగుతుంది. తలపండిన తాతలు తాము కొత్తగా కట్టిన క్రేన్లు, గడియారాలు తెచ్చి నడిపి చూపిస్తారు. వాళ్లతో మాకు తగువు లేదు. వాళ్ల చేతులకు నూనె అంటుతుంది. మా తగువు గ్లవుసులు తొడుక్కుని పట్టుకునేవాళ్లతో, వాళ్లను చూసి మనవాళ్లు పెట్టే గుండె గుర్తులతో.

అసలు ఆ పట్టీలు చేతిలో పడితే ఏమవుతుందో రెండు సంగతులు చెప్తాం. 1934లో మాంచెస్టర్ యూనివర్సిటీలో డగ్లస్ హార్‌ట్రీ అనే ప్రొఫెసరు, ఆర్థర్ పోర్టర్ అనే విద్యార్థి మెకానో ముక్కలతో డిఫరెన్షియల్ ఎనలైజర్ కట్టారు. కాగితం మీద నెలలు పట్టే అవకలన సమీకరణాలను గేర్లు, ఇరుసులు తిప్పి పరిష్కరించే యంత్రం అది. అయిన ఖర్చు సుమారు 20 పౌండ్లు. దాంతో పరమాణువులకు సంబంధించిన లెక్కలు చేశారు. దాన్ని చూసి కేంబ్రిడ్జిలో ఇంకోటి కట్టారు, అది తిరిగి తిరిగి న్యూజీలాండు మ్యూజియం చేరింది. ఇక అమెరికాలో మెకానో లాంటిదే ఎరెక్టర్ సెట్ అని ఉంది. యేల్ వైద్య విద్యార్థి విలియం సూవెల్ 1949లో ఆ సెట్టు ముక్కలు వాడి గుండె పని చేసే పంపు చేశాడు, కుక్క మీద పరీక్షిస్తే పనిచేసింది. ఆ పంపు ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. దాచడం తప్పు అని మేం అనడం లేదు, చూశారా? పనిచేసి అలిసిపోయినదాన్ని దాస్తే అది చరిత్ర. పుట్టినప్పటి నుంచీ పని చెయ్యనివ్వకుండా దాచితే ఏమంటారో మీరే చెప్పండి.

1996లో రసాయన శాస్త్రంలో నోబెల్ పంచుకున్న హ్యారీ క్రోటో కూడా తన చిన్నప్పటి మెకానో సెట్టును జీవితమంతా తలుచుకున్నాడు. బోల్టు ఎంత బిగించాలో, ఎక్కడ ఆపాలో చేతికి తెలియడం దానివల్లే వస్తుందని ఆయన వాదన.

ఇక మన సంగతి.

మేం ఈ పోస్టు రాస్తున్నది నలుగురం. ఇద్దరం డిప్లొమా మెకానికల్, ఒకడు ఐటీఐ ఫిట్టరు, మా చెల్లె ఒకామె ఇంజనీరింగు మొదటి సంవత్సరం. నలుగురం ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లమే. మొదటి సంవత్సరంలో గేర్ ట్రైన్ లెక్క ఇస్తే చేసేశాం, మార్కులు కూడా వచ్చాయి. ఆ తర్వాత వర్క్‌షాపులో సారు రెండు గేర్లు బల్ల మీద పెట్టి, ఇది కుడికి తిరిగితే అది ఎటు తిరుగుతుందో తిప్పకుండా చెప్పమన్నారు. తెల్లమొహం వేశాం. పక్కనున్న టౌను కుర్రాడు పుస్తకం వైపు చూడకుండా చెప్పేశాడు. వాడు మాకంటే తెలివైనవాడేం కాదు, లెక్కల్లో మా దగ్గరే కాపీ కొట్టేవాడు. కానీ వాడి ఇంట్లో ఆరేళ్లప్పుడే ఇలాంటి పెట్టె ఉంది, వాడు దాన్ని పాడుచేశాడు. పాడుచేసే అవకాశం వాడికి దొరికింది. తేడా అంతే.

మాకూ పెట్టె లేకపోలేదు. అదే అసలు మంట. మాలో ఇద్దరం చదివిన స్కూల్లో ఒక సెట్టు ఉండేది. ఎవరిచ్చారో తెలీదు. ఇనప బీరువాలో ఉండేది, తాళం సారు దగ్గర. పై అధికారులు వచ్చిన రోజు బయటికి తీసి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి, చేతుల్లో తలో పట్టీ పెట్టి ఫొటో తీసేవాళ్లు. జీపు ఘాటీ దిగిందో లేదో నట్లు లెక్కబెట్టి లోపల పెట్టేసేవాళ్లు. ఒకసారి ఒక నట్టు తగ్గిందని మా జేబులు వెతికారు. మేం పాస్ అయి వచ్చేసేటప్పటికి కూడా ఆ సెట్టు కొత్తగానే ఉంది. సేకరణదారులు చూస్తే ముద్దుపెట్టుకుంటారు.

2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులని, 6 నుంచి 12 తరగతుల పిల్లలకని, స్కూలుకు 20 లక్షల దాకా ఇచ్చే పథకం ఉంది. మంచి పథకమే. మన ప్రాంతంలో ల్యాబు ఉన్న స్కూళ్లలో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పోస్టు కింద ఒక్క మాట రాయండి: మీ ల్యాబు తలుపు వారానికి ఎన్నిసార్లు తెరుస్తారు? తెరిస్తే, ముట్టుకోనిస్తారా? రోజూ తెరిచే సార్లు, మేడమ్‌లు కూడా ఉన్నారు, వాళ్ల గురించి కూడా రాయండి. సీలు సంస్కృతి లివర్‌పూల్ సేకరణదారుల దగ్గరే ఉందనుకోకండి, మన వరండా చివర కూడా ఉంది. దానికి ఇప్పుడు మనమే చందా వేసుకుని అద్దాల బీరువా కట్టిస్తామా?

కొందరు ఇంకో రకంగా వస్తారు. అడవి బిడ్డలకు ఈ ఇనప బొమ్మలెందుకు, ప్రకృతే వాళ్ల ఆట వస్తువు, ముంజికాయ బండి కంటే గొప్పది ఏముంది అంటారు. వినడానికి తీయగా ఉంటుంది. ముంజికాయ బండి మేమూ తోలాం. తెగిపోయిన హవాయి చెప్పును గుండ్రంగా కోసి చక్రాలు చేశాం, పాత గొడుగు ఊచ ఇరుసుగా పెట్టాం. ఆ బండి ఇరుసు అంటే ఏంటో నేర్పింది, రాపిడి నేర్పింది, తడిపితే సులువుగా తిరుగుతుందని నేర్పింది. గేరు నేర్పలేదు. నేర్పలేదని ఒప్పుకోడానికి మాకు సిగ్గు లేదు. మన లేమిని పట్టుకుని అందంగా ఉందని మెచ్చుకునేవాడు కూడా సేకరణదారుడే, మిత్రులారా. వాడు బొమ్మకు బదులు మనల్ని బీరువాలో పెడతాడు.

మన పిల్లలు యంత్రం చూడలేదని కాదు. మట్టి తవ్వే యంత్రాన్ని ప్రొక్లెయిన్ అంటాం కదా, అది పోక్లెయిన్ అనే ఫ్రాన్సు కంపెనీ పేరు, మన నోట్లో అలా తిరిగింది. పోలవరం ముంపు ఊళ్లలో పిల్లాడిని ప్రొక్లెయిన్ బొమ్మ గీయమంటే, తొట్టికి ఎన్ని పళ్లుంటాయో కూడా లెక్కతప్పకుండా గీస్తాడు. ఇల్లు కూల్చడం చూశాడు మరి. బుల్డోజరు బొమ్మను చూసి చిన్నతనం గుర్తొచ్చి నవ్వుకునేవాళ్లు, ఆ యంత్రం మీదికి వచ్చినప్పుడు చిన్నతనం గుర్తొచ్చేవాళ్లు ఒకే దేశంలో ఉన్నారు. ఆ యంత్రం కింద నిలబడ్డవాళ్లం మనం. దాని సీటులో ఎంతమందిమి ఉన్నాం? దాని డ్రాయింగు గీసే బల్ల దగ్గర ఎంతమందిమి? మాకు కావాల్సింది ఆ బల్ల.

అందుకని మా ప్రతిపాదన ఇది. సేకరణ సెట్టు వద్దు, దాని ధర ఊహించుకుంటేనే కళ్లు తిరుగుతాయి. అదే డబ్బుతో మామూలు నట్లూ బోల్టుల సెట్లు ఎన్ని వస్తే అన్ని కొందాం, పాతవైనా సరే, గీతలు పడ్డవైతే ఇంకా మంచిది. గేర్లున్నవే తీసుకుందాం. మెకానోలో 19 పళ్ల పినియను, 57 పళ్ల గేరు ఉంటాయి. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు, బలం మూడింతలు. ఈ ఒక్కటి చేత్తో తిప్పి చూసిన పిల్ల గేర్ ట్రైన్ లెక్కకు భయపడదు. డిఫరెన్షియల్ కట్టించాలి. ఘాట్ రోడ్డు మలుపులో జీపు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం ఎలా తిరుగుతాయో, అన్ని మలుపులున్న దారిలో బడికి వెళ్లే మన పిల్లలకు తెలియకపోతే ఎవరికి తెలియాలి?

హాస్టల్‌కు ఇచ్చేటప్పుడు కాగితం మీద రాయించుకుందాం: తాళంచెవి పిల్లల కమిటీ దగ్గర ఉండాలి, నట్టు పోతే ఎవరి జేబూ వెతకకూడదు. పోయిన నట్లకు ఏడాదికోసారి మనమే చందా వేసుకుందాం. ఇంకోటి, ఆడపిల్లల హాస్టల్‌కు ముందు. ఆ కంపెనీ ఇది మగపిల్లల ఇంజనీరింగని చెప్పుకుని అమ్మింది. మా చెల్లె ఈ ముక్క చదివి, ఈ లైను పైకి పెట్టండిరా అంది. పెట్టలేదు, ఇక్కడే ఉంచాం, ఆమె తిడుతోంది.

ప్రతిపాదించిన అన్నకు: అన్నా, నీ మనసు మంచిదే, మాకు తెలుసు. బీరువాకు అనుకున్న డబ్బు కూడా సెట్లకే ఇచ్చెయ్. ఆదివారం పొద్దున పాడేరులో కలుద్దాం, మా దగ్గర ఒక పాత సెట్టు ఉంది, తుప్పు పట్టింది, మూడు గేర్లు బాగానే ఉన్నాయి. కిరసనాయిల్లో నానబెట్టాం. స్పానర్లు రెండే ఉన్నాయి, ఎవరి దగ్గరన్నా ఇంకోటి ఉంటే తెండి.