గడపకు టేకే కావాలా?

గడప పుచ్చిందంటే మనవాళ్లు ముందు అనే మాట ‘టేకుది వేయించాలి’ అని. డబ్బు సర్దుబాటు కాక ఏడాదో, రెండేళ్లో అలాగే లాగిస్తారు. ఈలోగా చెద ద్వారబంధం నిలువు చెక్కల్లోకి ఎక్కుతుంది. ఒక్క గడపతో పోయే ఖర్చు గుమ్మం మొత్తానికి వస్తుంది. టేకు కోసం ఇలా ఆగడం దండగని నా అభిప్రాయం.

ముదురు టేకు చేవకు సాటి తక్కువే, కాదనను. కాని సామిల్లులో మన దగ్గరున్న డబ్బుకు ఎక్కువగా దొరికేది తోటల్లో పెంచిన లేత టేకు. దుంగ కోసిన ముఖం చూడండి. నడుమ ముదురు రంగులో ఉన్నది చేవ, చుట్టూ తెల్లగా ఉన్నది పాలచెక్క. ఏ చెట్టుదైనా సరే, పాలచెక్క చెదకు మేతే. సగం తెలుపున్న టేకు కంటే నిండా చేవ ఉన్న నల్లతుమ్మ నయం.

తుమ్మ అనగానే పొయ్యికట్టె అని చిన్నచూపు. మన తాతలు బండి చక్రాలకు, నాగళ్లకు వాడింది దాన్నే కదా! బురదలో నానుతూ, ఎండలో ఎండుతూ బరువు మోసింది. గడప పడే పాట్లూ అవే. సర్కారు తుమ్మ వేరు సుమా. దాని చేవా గట్టిదే గాని తిన్నని ముక్క దొరకదు. ముదురు వేప చేవ పనికొస్తుంది. ‘వేపకు చెద పట్టదు’ అన్న మాట నమ్మి లేత వేప మాత్రం కొట్టకండి, చెద శుభ్రంగా తింటుంది. జామాయిల్ మెలి తిరుగుతుంది. మామిడి, సుబాబుల్ జోలికి అసలు పోవద్దు.

4 అడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం గడపకు పట్టే కలప అర ఘనపుటడుగు కూడా కాదు. ఇంతమాత్రానికి చెట్టెందుకు? ట్రాక్టర్లు వచ్చాక కొట్టం వెనక మూలపడ్డ పాత బండి ఉందేమో చూడండి. దాని నొగలో చెక్క ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది. కొలత చాలకపోతే వెడల్పు ఒక అంగుళం తగ్గించుకోండి. మేకులకు రంపం పళ్లు పోతాయని వడ్రంగి సణుగుతాడు. మేకులు మీరే పీకి ఇవ్వండి.

చెట్టే కొట్టాల్సి వస్తే, 2002 నాటి వాల్టా చట్టం ఉంది కాబట్టి అటవీ శాఖ వారిని అడిగాకే గొడ్డలి ఎత్తండి. కోసిన చెక్క నీడన ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. పచ్చిది బిగిస్తే వేసవికల్లా బెజ్జాలు వదులవుతాయి.

ఇక తడి సంగతి. శుక్రవారం గడప కడిగి పసుపు రాయడం మానమని ఆడవాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ అవసరమూ లేదు. నీళ్లు నిలవకపోతే చాలు. మేస్త్రీలు గడపను గచ్చులో పూడ్చేస్తారు. పైన పసుపు నిగనిగలాడుతుంటే అడుగున పుచ్చిపోతూ ఉంటుంది. కింద మాచర్ల నాపరాయి బద్ద పరిపించండి. ఆరిన చెక్కకు అడుగు ముఖానా, రెండు కొనలకూ తారు పూయించండి. ముందు నీళ్లు తాగేది కొనలే. పాత గడప తీసినప్పుడు కింద చెద మట్టి కనిపిస్తే, అది ఎక్కణ్నుంచి వస్తున్నదో తవ్వించి తీయించాకే కొత్తది పెట్టించాలి. అందుకే వడ్రంగిని పిలిచిన రోజే మేస్త్రీనీ రమ్మనండి.