మెట్రో మూసీ దాటేనాటికి మన కాగితాలు సిద్ధమేనా?

హైదరాబాదు మెట్రో తొలి ప్రణాళికలోనే రెండవ మార్గం జూబ్లీ బస్‌స్టేషన్ నుండి ఫలక్‌నుమా వరకు సాగవలసి ఉంది. 2020 ఫిబ్రవరిలో అది మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా వచ్చి ఆగింది. మియాపూర్‌కూ నాగోల్‌కూ చేరిన రైలు, నగరం పుట్టిన చార్మినార్ చెంతకు మాత్రం రాలేదు. మిగిలింది ఐదున్నర కిలోమీటర్లే!

పాతబస్తీ వాసులే అడ్డుపడ్డారన్న మాట ఇన్నేళ్లుగా వింటున్నాము. మార్గంలో మసీదులు, ఆశూర్‌ఖానాలు ఉన్నందున అభ్యంతరాలు వచ్చిన మాట నిజమే. సుల్తాన్ బజార్ వర్తకులు అంతకంటె తీవ్రంగా వ్యతిరేకించలేదా? అయినా అక్కడ స్టేషన్ నిలిచింది. సంకల్పం ఉన్నచోట అభ్యంతరానికి పరిష్కారం దొరికింది, లేనిచోట అభ్యంతరమే సాకైంది.

2024 మార్చి 8న ఫలక్‌నుమా సమీపంలో శంకుస్థాపన జరిగింది. మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. దీనిని స్వాగతించవలసిందే. యాకుత్‌పురా, ఉప్పుగూడ స్టేషన్ల మీదుగా ఎం.ఎం.టి.ఎస్. ఉన్నా, రైళ్ల మధ్య విరామం వల్ల ఉద్యోగస్థులు దానిని నమ్ముకోలేకున్నారు. శాలిబండ ఆడపిల్ల అమీర్‌పేటలో చదువుకోవాలంటే, దారి ఎంత సురక్షితమో చూసుకున్నాకనే ఇంటివారు సరేనంటారు.

అయితే దారుల్‌షిఫా నుండి శాలిబండ వరకు రోడ్డు వెడల్పులో పోయే ఆస్తులు ఎన్నో ఉన్నాయి. చదరపు గజానికి 81,000 రూపాయలు పరిహారంగా ప్రకటించారు. ఆ సొమ్ము పట్టాదారుకు చేరుతుంది. పగ్డీ ఇచ్చి, నోటిమాట మీద ముప్పయ్యేళ్లుగా దుకాణం నడుపుతున్న కిరాయిదారు సంగతేమిటి? 2013 నాటి భూసేకరణ చట్టం, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే ఉండి, ప్రధాన జీవనోపాధి కోల్పోయే కిరాయిదారు కుటుంబాన్నీ, పనివారి కుటుంబాన్నీ బాధిత కుటుంబంగానే పరిగణిస్తున్నది. ఆ మూడేళ్లకు రుజువేది? రసీదు అడిగితే మాలిక్ నొచ్చుకుంటాడన్న మొహమాటం మనవాళ్లలో ఎక్కువ.

ఇంతకంటె నన్ను కలవరపరిచేది మన ఇళ్లలోని లెక్క. ఎన్నో ఆస్తులు నేటికీ తాతల పేరుమీదనే ఉన్నాయి. విరాసత్ పంచలేదు. చెక్కు వచ్చేనాడు అన్నదమ్ములు సంతకాలు చేస్తారు, అక్కచెల్లెళ్ల పేర్లు జాబితాలోనే కనబడవు. ఖుర్ఆన్ నిర్ణయించిన ఆడపిల్ల వాటాను మింగి, ప్రభుత్వం అన్యాయం చేసిందని సభలు పెట్టడం ఏపాటి న్యాయం?

ప్రాథమిక ప్రకటన వెలువడిన తరువాత అభ్యంతరం తెలుపుకునేందుకు చట్టం ఇచ్చిన గడువు అరవై రోజులు. వారసుల ధ్రువపత్రానికే అంతకంటె ఎక్కువ కాలం పట్టవచ్చు. కాబట్టి ఆ మార్గంలోని ప్రతి మసీదు కమిటీ జుమా నమాజు తరువాత ఒక బల్ల వేసి, కరెంటు బిల్లులు, కిరాయి రసీదులు, వ్యాపార లైసెన్సులు, వారసులందరి పేర్లు ఇప్పుడే రాయించాలి. ఆ జాబితాలో మొదట ఆడపిల్లల పేర్లు అడగండి.