పాసుపోర్టు పరువు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో నేడు ఆస్ట్రేలియా పేరు వినని గడప యరుదు. ప్రత్తిచేను అమ్మియో, మిరపపంటమీద అప్పు తెచ్చియో కుమారుని మెల్‌బోర్నునకో, కుమార్తెను సిడ్నీకో పంపిన తలిదండ్రులు ఊరూరను గలరు. 2021 నాటి ఆస్ట్రేలియా జనాభా లెక్కలలో తమ యింటిభాష తెలుగని వ్రాయించుకొన్నవారు 59 వేలకు పైగా నుండిరి. అట్లు పోయిన బిడ్డలు కొన్నియేండ్లు గడచిన పిమ్మట ఇంటికి పంపు శుభవార్తలలో నిదియొకటి: "నాకు ఇక్కడి పాసుపోర్టు వచ్చినది; ఇక వీసా లేకుండ లోకమంతయు తిరుగవచ్చును." తండ్రి సంతోషించును, ఊరు అభినందించును. ఆ సంతోషము న్యాయమైనదే. కాని ఆ వాక్యమున మన దేశమును గూర్చిన ప్రశ్న యొకటి దాగియున్నది. వేఱొక దేశపు చిన్నపుస్తకమునకు గల పరువు మన పుస్తకమున కేల లేదు? దానిని గడించుట కెవ్వరేమి చేయవలెను? ఈ వారము మేమా ప్రశ్ననే చర్చింపదలచితిమి.

ముందుగా వాస్తవమును తెలిసికొందము. ఆస్ట్రేలియా పాసుపోర్టు గలవాడు ముందుగ వీసా తెచ్చుకొనకయే పోగలిగిన దేశములును ప్రదేశములును ఇటీవలి గణనలనుబట్టి 180కి పైబడియున్నవి. భారత పాసుపోర్టునకు ఆ సంఖ్య 60కి అటునిటుగ నున్నది. అందును కొన్నిచోట్ల దిగినపిమ్మట రుసుము చెల్లించి వీసా పుచ్చుకొనవలెను. ఆస్ట్రేలియా పౌరుడు టిక్కెట్టు కొని జపానునకు బయలుదేరును. ఫ్రాన్సు, జర్మనీ మున్నగు షెంగెను దేశములలో 180 దినములలో 90 దినములు వీసా లేకయే యుండును. పొరుగుననున్న న్యూజీలాండులోనైతే 1973 నాటి ఏర్పాటు ప్రకారము కాపురముండి పనియు చేసికొనవచ్చును.

అయినను వీసా లేదన్నంతమాత్రమున అడ్డేలేదని తలంపరాదు. అమెరికా, కెనడాలు విమానమెక్కుటకు ముందే ఎలక్ట్రానిక్ అనుమతిని కోరును. 2025 జనవరి 8 నుండి బ్రిటనును ఆస్ట్రేలియా పౌరులను అట్లే కోరినది. అనుమతి యున్నను సరిహద్దు నధికారికి త్రిప్పిపంపు హక్కు ఉండనే యున్నది. చూడవచ్చినవాడు పనికి కుదిరిన నేరమగును. మఱియొక విశేషము గలదు. ఆస్ట్రేలియా పౌరుడు మన దేశమునకు రావలెనన్నను వీసా తీసికొనవలసినదే. ఇంటనుండియే దరఖాస్తు పెట్టి ఈ-వీసా పొందవచ్చుననునది మాత్రమే సౌకర్యము. కనుక పొన్నూరునుండి పోయి ఆ దేశపు పౌరుడైన కుమారునికి లోకమున 180 తలుపులు తెఱచుకొన్నవి గాని, తాను పుట్టిన పొన్నూరి తలుపు మాత్రము అనుమతి లేనిదే తెఱచుకొనదు!

ఈ తలుపుల చరిత్ర మనకు క్రొత్తదికాదు. 1904లో టంగుటూరి ప్రకాశంగారు బారిష్టరు చదువునకై లండను పోయిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో చదివివచ్చి 1921లో చీరాల-పేరాల పోరాటమును నడిపిరి. వారు ఓడలెక్కిన కాలమున నేటివంటి పాసుపోర్టు నిర్బంధము లేదు. మొదటి ప్రపంచయుద్ధము ఈ కాగితపు కంచెలను నాటినది. 1920లో ఇండియను పాసుపోర్టు చట్టము పుట్టినది. అంతకుముందు కాలమంతయు స్వేచ్ఛాయుగమని భ్రమపడరాదు. చదువరికి లేని కంచె కూలివానికి, తెల్లనివానికి లేని కంచె నల్లనివానికి అప్పుడును గలదు. 1901లో ఆస్ట్రేలియా చేసిన వలసనిరోధక చట్టము క్రింద, ఓడదిగినవానిని ఒక యూరపు భాషలో 50 మాటలు చెప్పి వ్రాయుమనిరి. భాషను ఎంచునది అధికారియే. వచ్చినవానికి రాని భాషనే ఎంచుట పద్ధతి. తామును బ్రిటిషు సామ్రాజ్యపు ప్రజలమేయని నమ్మిన భారతీయులకు ఆ సామ్రాజ్యములోని భాగమే తలుపు మూసినది. 1922లో వి.ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు అచటికి రాయబారియై పోయి, అప్పటికే అక్కడ స్థిరపడిన మనవారికి పౌరహక్కులిండని అడుగవలసివచ్చెను. ఆ వ్రాతపరీక్ష 1958లో రద్దయినది. జాతిభేదముతో గూడిన వలసనీతి 1973లో పూర్తిగ తొలగినది.

ఆ దేశమే నేడు మన పిల్లలచేత ప్రమాణము చేయించి పౌరసత్వమిచ్చుచున్నది. దీనివలన మనము గ్రహింపవలసిన దేమి? తలుపులు విధి పెట్టినవి కావు. మనుష్యులు మూసినవి, మనుష్యులే తెఱవగలరు.

ఆ పుస్తకమున కొక మూల్యము గలదు. అది రుసుము మాత్రమే కాదు. నాలుగేండ్ల చట్టబద్ధ నివాసము, అందు కడపటి యేడు శాశ్వతనివాసిగ నుండుట ఆస్ట్రేలియా పౌరసత్వమునకు సామాన్య నియమములు. 2002 ఏప్రిలు 4 నుండి ఆ దేశము తన పౌరులు మఱియొక పౌరసత్వమును పొందినను ఆక్షేపింపకున్నది. ఒప్పుకొననిది మన చట్టము. రాజ్యాంగపు 9వ అధికరణమును, 1955 నాటి పౌరసత్వ చట్టపు 9వ సెక్షనును చూడుడు. తన యిష్టమున విదేశ పౌరసత్వమును స్వీకరించినవానికి భారతపౌరసత్వము తనంతటనే పోవును. పాత పాసుపోర్టును అప్పగింపవలెను. పౌరసత్వము పోయినపిమ్మట దానితో ప్రయాణము చేయుట నేరము. ఈ సంగతి నెఱుగక ఆ పుస్తకమును పెట్టెలో దాచి, దానితోనే స్వగ్రామమునకు వచ్చి చిక్కులలో పడువారున్నారు గనుక దీనిని ప్రత్యేకముగ చెప్పుచున్నాము. 2005లో వచ్చిన ఓ.సి.ఐ. ఏర్పాటువలన రాకపోకలకు జీవితాంతపు వెసులుబాటు దొరకును. కాని ఆ కార్డుదారునికి ఓటు లేదు. ఎన్నికలలో నిలువరాదు. వ్యవసాయభూమిని వారసత్వముగ పొందవచ్చునే గాని కొనరాదు. తాత దున్నిన చేనిప్రక్కన సెంటు నేల కలుపుకొనుటకు మనుమనికి వీలులేదు.

ఇంత మూల్యము చెల్లించిన యువకులను దేశద్రోహులని నిందించువారితో మేమేకీభవింపము. ఉద్యోగమునకై నెలకొక దేశము తిరుగవలసినవాడు, ప్రతిమారు వీసా కచేరీలో నిలువలేక ఆ నిర్ణయమునకు వచ్చినచో, నింద వానిది కాదు. తన పౌరుని ప్రయాణమును సుగమము చేయజాలని దేశము, పౌరుడు పోయినాడని వగచుటవలన ప్రయోజనములేదు.

కుమారునికంటె తలిదండ్రుల కష్టము మిక్కుటము. మనుమరాలిని ఎత్తుకొనదలచిన నరసరావుపేట తల్లి తన పాసుబుక్కును, బ్యాంకు లెక్కలను, పొలము కాగితములను, కుమారుని యాహ్వానపత్రమును జతపఱచి, తాను తప్పక తిరిగివత్తునని అన్యదేశపు అధికారిని నమ్మింపవలెను. కుటుంబమువారి పూచీమీద ఇచ్చు వీసాకు కొన్నియెడల కుమారుడు పూచీసొమ్మును కట్టవలెను. శాశ్వతముగ బిడ్డలయొద్ద నుండగోరు వృద్ధుల మామూలు దరఖాస్తునకు 30 ఏండ్లకు పైగా వేచియుండవలెనని ఆ ప్రభుత్వమే చెప్పుచున్నది. అఱువది యేండ్ల యవ్వకు తొంబదియవ యేట దర్శనమన్నమాట! ఇది నిరాకరణము గాక మఱేమి?

ఇక కారణమును విచారింతము. మన సర్వోన్నత న్యాయస్థానము 1967లో సత్వంత్ సింగు సాహ్నీ వ్యాజ్యమున, విదేశయాత్ర మనుష్యుని స్వేచ్ఛలోని భాగమనియు, పాసుపోర్టు నిచ్చుట నిరాకరించుట అధికారి యిష్టాయిష్టములకు విడువరాదనియు తీర్పుచెప్పినది. ఆ తీర్పు ఫలితముగనే ఆ యేడు పాసుపోర్టుల చట్టము వచ్చినది. 1978లో మేనకా గాంధీ వ్యాజ్యము ఆ స్వేచ్ఛను మఱింత దృఢపఱచినది. ఇంటినుండి బయటికి పోవు హక్కును మన రాజ్యాంగము మనకిచ్చినది. ఎదుటియింటివాడు లోనికి రమ్మను మర్యాదను ఏ న్యాయస్థానమును ఇప్పింపజాలదు. దానిని గడింపవలెను.

వీసా లేకుండ రానిచ్చుట యనగా ఒక ప్రభుత్వము వేఱొక ప్రభుత్వముతో, "నీ పుస్తకము దొంగది కాదు, వచ్చినవాడు గడువునాటికి వెళ్లును, వెళ్లనిచో వానిని నీవు వెనుకకు తీసికొందువు" అని నమ్మి పలుకుట. ఈ నమ్మకమున ధనముయొక్క పాత్ర యెక్కువ. పేదదేశపువాడు నిజాయితీపరుడైనను అనుమానింపబడును. ధనిక దేశపువాడు గడువు దాటినను ఉపేక్షింపబడును. పేదఱికమునే నేరముగ నెంచు ఈ పద్ధతిని మేము ఖండించుచున్నాము. అయినను అన్యాయమంతయు పరులదేయని చేతులు దులుపుకొన్నచో మన పరువు పెరుగదు. మనలోని లోపమును మనమే చూచుకొనవలెను.

మిర్చియార్డులో పెరిగినవారికి ఈ న్యాయము వేఱుగ చెప్పబనిలేదు. టిక్కీలో పైన ఎఱ్ఱని కాయయు అడుగున తాలుకాయయు పెట్టిన రైతొక్కడున్నచో, మఱునాడు కొనుగోలుదారుడు ఆ యూరివారి టిక్కీలన్నిటిని క్రుమ్మరించి చూచును. మంచిరైతు సరకును సగము ధరకే పోవును. పాసుపోర్టుల సంగతియు నంతియే. దొంగ డిగ్రీలు, అద్దెకు తెచ్చిన బ్యాంకు నిలువలు, చదువు పేర చేరి తరగతికి పోని చేరికలు: ఇవియన్నియు మన తాలుకాయలు. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టను విశ్వవిద్యాలయము కథ బయటపడినది. ఆ ప్రభుత్వమే వలపన్ని పెట్టిన ఆ బూటకపు విద్యాలయమున చేరి పట్టుబడినవారిలో అత్యధికులు భారతీయులు. అందు తెలుగు బిడ్డలు పెక్కండ్రు. వల పన్నుటను మనము నిరసింతుము. కాని ఆ వలలోనికి మన బిడ్డలను తోలిన దళారులను ఏమనవలెను? 2023లో ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయములు కొన్ని, మోసపు దరఖాస్తులు హెచ్చినవని చెప్పి, మన దేశపు కొన్ని రాష్ట్రముల విద్యార్థులను చేర్చుకొనుట నిలిపినవి. చేసినవారు కొందఱు, అనుభవించినది రాష్ట్రమంత!

ప్రభుత్వము చేయవలసినది చాల గలదు. 2022 డిసెంబరు 29 నుండి అమలులోనికి వచ్చిన భారత-ఆస్ట్రేలియా వర్తక ఒడంబడికను చూడుడు. ఏటేట 51 వేల టన్నుల ఆస్ట్రేలియా ప్రత్తి సుంకము లేకుండ మన దేశమున దిగుటకు అందు ఒప్పుకొంటిమి. వారి ప్రత్తి బేలు స్వేచ్ఛగ మన రేవు చేరును. మన ప్రత్తిరైతు ముసలితల్లి వారి రేవు చేరుటకు మాత్రము కాగితముల కట్టలు కావలెను! సరకునకు తెఱచిన తలుపు మనుష్యునికేల తెఱవరాదు? 2023 మే 23న సిడ్నీలో వలసలనుగూర్చి మఱియొక ఏర్పాటు కుదిరినది. దానివలన పట్టభద్రులైన యువకులకు ఏటికి 3 వేల స్థానములు లభించినవి. అది మంచి యారంభము. కాని వృద్ధులైన తలిదండ్రులకై అట్టి పట్టుదల చూపబడలేదు. ఒకమారు పోయి గడువులోపల తిరిగివచ్చిన తలిదండ్రులకు, తరువాత పదేండ్లవరకు పలుమారులు పోయివచ్చు వీసా నీయవలెనని మన ప్రభుత్వము అడుగవలెను. వర్తకపు బల్లమీద సుంకములతోబాటు వీసాలనుగూడ పెట్టుట భిక్ష కాదు, బేరము.

ఇంటిలోని పనియు నంతకంటె తక్కువది కాదు. 1983 నాటి వలస చట్టము ఉద్యోగములకు పంపు దళారులకు లైసెన్సు విధించినది. చదువు పేర పంపువారిని ఆ కట్టడి వెలుపలనే విడిచినది. వారికిని లైసెన్సు, పూచీసొమ్ము, తప్పుడు కాగితమునకు శిక్ష యుండవలెను. చిప్పుగల ఈ-పాసుపోర్టు దేశమంతట వచ్చుట మేలే. చిప్పు దొంగ పుస్తకమును పట్టును గాని, మంచి పుస్తకము చేతబట్టినవాడు చెప్పు అబద్ధమును పట్టదు.

ప్రజల కర్తవ్యము చివరిది గాని చిన్నది కాదు. చదువ గోరిక లేని కుమారుని చదువు పేర పంపకుడు. లేని నిలువను ఉన్నట్లు చూపకుడు. దళారి తెచ్చిన కాగితముమీద చదువకుండ సంతకము చేయకుడు. ఒక్కని అబద్ధమువలన వెనుక రాబోవు నూర్గురి మాట చెల్లకపోవును.

ఈ కార్యము అసాధ్యమనువారికి ఒక్క దృష్టాంతము చూపెదము. కోరంగి రేవునుండి మారిషసునకును, మద్రాసు రేవునుండి ఫిజీకిని మన పూర్వులు ఒప్పందపు కూలీలై పోయిరి. వారికి గౌరవము లేదు, ఇష్టమువచ్చినప్పుడు తిరిగివచ్చు స్వేచ్ఛ లేదు. వారు ఆ నేలల చెఱకు పండించి, బిడ్డలను చదివించి, నమ్మకస్థులైన పౌరులైరి. నేడు ఆ రెండు దేశములును భారత పాసుపోర్టు గలవానిని ముందుగ వీసా యడుగకయే లోనికి రానిచ్చుచున్నవి. ధనముతో కొన్న తలుపులు కావవి. చెమటతోడను మాటనిలుకడతోడను తెఱచినవి. కూలీలు తెఱచినంత తలుపును, స్వతంత్రదేశపు పౌరులమైన మనము తెఱవలేమా? పాసుపోర్టుమీది సింహముల ముద్రకు బలము మన సత్యమే. దానిని కాపాడు బాధ్యత ఢిల్లీకెంత గలదో, ఈ నల్లరేగడి పల్లెలలోని ప్రతి గడపకు నంతే గలదు.